అయిదు బండ్ల విడిది

ఇంగ్లాండుదేశపు పల్లెటూళ్ల బాటలవెంట పోవునప్పుడు అక్కడక్కడ రైతుల గవనులయొద్ద చిన్న పలక యొకటి కానవచ్చును. లోపల పచ్చికబయలు, అందులో రెండో మూడో తెల్లని ఇంటిబండ్లు, ఒక మూలను మంచినీటి కుళాయి, వేరొక మూలను మరుగుదొడ్డి తొట్లలోని మలినమును పారబోయుటకు మూతగల గుంట. అంతకుమించి హంగులేమియు నుండవు. బండ్లు అయిదింటికి మించరాదు. ఆరవబండిని లోనికి రానిచ్చెనా, ఆ రైతు చట్టమును దాటినవా డగును. తన సొంత పొలములో, తన యిష్టముమీద, నొక బాటసారికి రాత్రి బస యిచ్చుటకు మనుష్యునికి ప్రభుత్వపు సెలవెందుకు కావలసివచ్చెను? ఈ ప్రశ్నకు సమాధానము నూరేండ్లకు పైబడిన యొక కథలో నున్నది. దానినే ఈ ప్రసంగమున మనవి చేసెదను.

ముందుగా మాట సంగతి. ఇంగ్లీషువారు 'కారవాన్' అనునది పారసీకపదము. ఒంటెలతోడను సరకులతోడను కూడి పయనించు వర్తకుల గుంపునకు అది పేరు. మన హైదరాబాదులోని కార్వాను పేట ఆ పేరునే నేటికిని మోయుచున్నది. తెలుగున మనము బిడారు అందుము. ఇంగ్లాండు చేరినపిదప ఆ మాట గుంపును విడిచి బండిని పట్టుకొనెను: మొదట పైకప్పుగల పెద్దబండి, తరువాత మనుష్యులు కాపురముండు గూడుబండి. దాని తోక మిగిలి 'వాన్' అను వేరొక మాటయు పుట్టినది. ఇట్టి గూడుబండ్లలో తొలుత కాపురము చేసినవారు తిరునాళ్లకు తిరుగు ఆటగాండ్రు. పందొమ్మిదవ శతాబ్ది నడుమనుండి జిప్సీలును డేరాలకు మారుగా వీనిని వాడసాగిరి. ఈ జిప్సీల పూర్వులు మన దేశమునుండి వెడలినవారే యని జర్మను పండితులు 1780 ప్రాంతమున భాషనుబట్టి నిర్ణయించిరి. వారు నీటిని నేటికిని 'పానీ' యనియే యందురు.

ఇక విలాసముకొరకు గూడుబండి యెక్కిన పెద్దమనుష్యులలో ప్రసిద్ధుడు గార్డన్ స్టేబుల్సు. ఇతడు స్కాట్లాండు దేశీయుడు; నౌకాదళమున వైద్యుడుగా పనిచేసి, విరమించి, బాలురకు సాహసకథలు వ్రాయుచుండెను. 1885లో బ్రిస్టలు పట్టణపు బండ్ల కర్మాగారమున తనకై యొక యింటిబండిని చేయించి, దానికి 'వాండరర్', అనగా సంచారి, యని పేరు పెట్టెను. రెండు టన్నుల బరువు. లాగుటకు రెండు గుఱ్ఱములు. తోడునకు ఒక కుక్క, ఒక చిలుక. ఎదురుగా వచ్చువారిని హెచ్చరించుటకై పరిచారకు డొకడు మూడుచక్రముల సైకిలుమీద ముందు సాగుచుండెడివాడు. ఈ వైభవముతో ఆయన లండనునకు పడమట నున్న ట్వైఫర్డు గ్రామమునుండి ఉత్తరమున ఇన్వర్నెస్సు వరకు పయనించి, మరుసటియేట నొక గ్రంథము ప్రకటించెను. పొద్దువాలువేళకు ఏ పూటకూటియింటి యజమానినో, ఏ రైతునో యడిగి, వారి పచ్చికబయలులో బండి నిలుపుట ఆయన పద్ధతి. చాలచోట్ల ఆదరము లభించెను.

ఆదరము లభించుటకు ఆయన వేషము కొంత కారణమని నా తలంపు. ఏలయన, 1835 నాటి రహదారుల చట్టము జిప్సీ యను పేరునే యెత్తి, రహదారిమీద డేరావేసి దిగినవానికి 40 షిల్లింగుల వరకు జుల్మానా విధించియుండెను. బండికి చక్రములు అవియే, పచ్చిక అదియే. దిగినవా డెవ్వడన్నదే భేదము. మన కథకు ఈ భేదము వెన్నెముక వంటిది గనుక శ్రోతలు దీనిని జ్ఞాపకముంచుకొనవలయును.

స్టేబుల్సు షికారు చేయుచున్న ఆ కాలముననే కోల్‌విల్ నివాసియగు జార్జి స్మిత్తు అను సంస్కర్త, ప్రతి గూడుబండిని పేరెక్కించి, సంఖ్యవేసి, తనిఖీదారులు లోపలికి పోయి చూచునట్లును, అందలి పిల్లలు బడికి పోవునట్లును శాసనము కావలయునని పోరాడుచుండెను. కాలువ పడవలలో కాపురముండు కుటుంబములకొరకు 1877లో శాసనము చేయించిన ఘనత ఆయనదే. బండ్ల విషయమున మాత్రము ఆయన బిల్లులు పార్లమెంటులో మరల మరల వీగిపోయెను. అర్ధరాత్రి తలుపుతట్టు తనిఖీదారుని తలచుకొని బెదరిన ఆటగాండ్రు 1889లో సంఘముగా కూడి యెదిరించిరి. స్మిత్తు ఉద్దేశము మంచిదే కావచ్చును. కాని తాను ఉద్ధరింపబూనినవారిని సంప్రదించు అలవాటు ఆయనకున్నట్లు తోచదు.

ఇరువదవ శతాబ్ది ప్రారంభమున విలాసయాత్రికులు సంఘములు కట్టిరి. దర్జీ వృత్తివాడైన తామస్ హైరం హోల్డింగు 1901లో సైకిలెక్కి డేరాలతో తిరుగువారి సంఘము నొకదానిని నెలకొల్పెను. అదియే నేటి డేరాల, బండ్ల సంఘమునకు మూలము. 1907లో హారిస్ స్టోను యత్నమున కారవాన్ క్లబ్బు పుట్టెను. మన స్టేబుల్సుగారు దానికి ఉపాధ్యక్షులైరి. ఏ యూరిలో ఏ రైతు చోటిచ్చునో తెలిపి, సభ్యులు చెత్త విడువక, గేటు తెరచి పోక, మర్యాదగా మెలగునట్లు చూచుట ఇట్టి సంఘములకు ముఖ్యకార్యములయ్యెను. రైతు సంఘమును నమ్మును. సంఘము సభ్యునికి పూటపడును. ఈ పూచీ యే తరువాత శాసనములోని కెక్కినది.

1919లో బర్మింగ్‌హాములోని ఎక్లెస్ కంపెనీవారు మోటారుకారు వెనుక తగిలించు బండ్లను చేసి అమ్మ మొదలిడిరి. గుఱ్ఱము పోయి మోటారు వచ్చుటతో ఇంటిబండి సామాన్య గృహస్థునికిని అందుబాటులోనికి వచ్చెను. సముద్రతీరములు పాతబస్సులతోను, పాకలతోను, బండ్లతోను నిండసాగెను. నీరులేని చోట నూరు కుటుంబములు దిగినచో కలుగు దుర్గంధమును వేరుగా వర్ణింపనక్కరలేదు. అందుచేత 1936 నాటి ప్రజారోగ్య చట్టము మొదటిసారి గట్టి కట్టుదిట్టము చేసెను: వరుసగా 42 దినములకు మించి గాని, ఏడాదిలో మొత్తము 60 దినములకు మించి గాని తన నేలను ఇట్టి కదలెడి ఇండ్లకు ఇచ్చు యజమాని స్థానిక కౌన్సిలు లైసెన్సు పొందవలయును. నమ్మదగిన సంఘములకు మాత్రము మంత్రి మినహాయింపు పత్రము నీయవచ్చును.

పిమ్మట యుద్ధము వచ్చెను. బాంబులకు ఇండ్లు కూలెను. కొత్తవి కట్టుట ఆగెను. 1945 తరువాత పెండ్లియైన జంటలు అనేకులు చోటుదొరకక, షికారుకొరకు చేసిన బండ్లలో సంవత్సరము పొడుగున కాపురము పెట్టిరి. ప్రభుత్వముకొరకు సర్ ఆర్టన్ విల్సను 1959లో సమర్పించిన నివేదికనుబట్టి ఇంగ్లాండు, వేల్సులలో దాదాపు 60,000 బండ్లలో 1,50,000 మంది స్థిరనివాసమున్నట్లు తేలినది. వీరికి చోటిచ్చినవారిలో పెద్ద వ్యాపారులుండిరి. ఇంటివెనుక దొడ్డిలో నాలుగు బండ్లు నిలిపి నాలుగు రాళ్లు సంపాదించుకొను చిన్నవారును ఉండిరి.

1947 నాటి పట్టణ గ్రామ ప్రణాళికా చట్టముతో వీరిని అదుపుచేయవచ్చునని కౌన్సిళ్లు తలచినవి. ఆ చట్టము ప్రకారము భూమి వాడుక ముఖ్యముగా మారినప్పుడే అనుమతి కావలయును. గిల్డుఫర్డు గ్రామీణ కౌన్సిలు ఒక పొలముపై చర్య తీసికొనెను. అందులో మొదట 8 బండ్లుండగా క్రమముగా 27 అయినవి. ఆ పొలము మొదటినుండి బండ్ల విడిదియే, ఇప్పుడును బండ్ల విడిదియే గదా, సంఖ్య పెరిగినంతమాత్రమున వాడుక మారినదనుట యెట్లు? అని యజమానులు వాదించిరి. 1959లో అప్పీలు కోర్టు వారి పక్షమున తీర్పుచెప్పెను. ఎనిమిది ఇరువదియేడైనను వాడుక యొక్కటే! పల్లెలోని పొరుగువారికి ఈ తర్కము రుచించకపోవుట సహజమే. మురుగు వాసన సంఖ్యనుబట్టి పెరుగును గాని వాడుక పేరునుబట్టి కాదు.

ఈ తీర్పును, విల్సను నివేదికయు వెంటవెంటనే రాగా, 1960లో కారవాన్ విడుదుల చట్టము వెలువడెను. నేలమీద ఇంటిబండ్లు నిలుపదలచినవాడు ముందు ప్రణాళికానుమతి పొందవలయును. అది చేతికి వచ్చినపిదప కౌన్సిలునుండి విడిది లైసెన్సు పొందవలయును. ఎన్ని బండ్లు, ఒకదానికొకటి ఎంత దూరము, అగ్ని పుట్టినచో నేమి సాధనము, నీరేది, మరుగుదొడ్లేవి అనునవి లైసెన్సులోని షరతులు.

కాని మొదటి అనుబంధమున చిన్నవారికి కొన్ని సందులు విడిచిరి. చట్టములో నాకు మిక్కిలి రుచించిన భాగమిది. తన యింటి ఆవరణలో, ఇంటి అవసరమునకు తోడుగా, బండి నిలుపుకొనువానికి లైసెన్సక్కరలేదు. దారిన పోవు ఒక్క బండిని రెండు రాత్రులకు మించక నిలుపనిచ్చినను అక్కరలేదు, ఏడాదిలో మొత్తము 28 దినములు దాటకున్నంతవరకు. అయిదెకరములు గాని అంతకుమించి గాని భూమిగలవాడు ఒకేమారు మూడు బండ్లవరకు ఏడాదిలో 28 దినములు నిలుపనీయవచ్చును. పంటకాలపు కూలీలకును, తిరునాళ్ల ఆటగాండ్రకును వేరు మినహాయింపులు కలవు. అన్నిటికంటె ఉపయోగమైనది సంఘముల మినహాయింపు. గుర్తింపుపొందిన సంఘము తగిన పొలమును పరీక్షించి యోగ్యతాపత్రము నిచ్చినచో, ఆ రైతు లైసెన్సు లేకయే సంఘసభ్యుల బండ్లను అయిదింటివరకు నిలుపుకొనవచ్చును. ఆ పత్రము ఒక యేటికి మించి చెల్లదు. కాలము తీరగనే క్రొత్తపత్రము పొందవలయును. మనము మొదట చూచిన పలక, కుళాయి, మూతగుంట ఈ యేర్పాటువే.

ఈ విడిదిని నడుపుట తేలికయని తోచును గాని, నడుపువారికి తెలియును దాని పాట్లు. వర్షాకాలమున బరువైన బండి చక్రము దిగబడి పచ్చిక ఉడికిన నువ్వులవలె నగును. గేటు సన్నమైనచో బండి తిరుగదు. బండికి బండికి నడుమ ఆరు మీటర్ల యెడముంచుట నిప్పుభయమువలన వచ్చిన నియమము. చుట్టములు కలసి వచ్చినప్పుడు దగ్గరదగ్గర నిలుపుమందురు, కాదనవలసివచ్చును. చలికాలమున కుళాయి గడ్డకట్టును. వచ్చు ఆదాయము పెద్దది కాదు. పాలధర పడిపోయినయేట మాత్రము అది రైతుభార్య చేతిలో కొంత ఆసరా.

స్వంతదారుని హక్కునకు కోర్టులు కావలి కాచిన సందర్భములును కలవు. చెర్ట్సీ పట్టణ కౌన్సిలు ఒక విడిది లైసెన్సులో, అద్దె యింతకు మించరాదనియు, కాపురస్థులను అకారణముగా వెడలగొట్టరాదనియు షరతులు చేర్చెను. 1964లో ప్రభువుల సభ వానిని కొట్టివేసెను. కౌన్సిలు అధికారము విడిదిని వాడు తీరుమీదనే గాని, యజమానికిని కాపురస్థునికిని నడుమగల ఒడంబడికమీద లేదని వారి నిర్ణయము. న్యాయము సరియైనదే కావచ్చును. దానివలన నష్టపడినది బండిలోని కాపురస్థుడు. అతనికి రక్షణ కల్పించుటకు పార్లమెంటు 1968లోను, 1975లోను, 1983లోను వేరుగా శాసనములు చేయవలసివచ్చెను.

అయితే 1960 చట్టమువలన అందరికంటె ఎక్కువ నష్టపడినవారు జిప్సీలు. కెంటు మండలమున బీరునకు వాడు హాపుల కోతకును, బఠాణీ, స్ట్రాబెరీ కోతలకును వారు ఏటేట వచ్చి, ఎరిగిన రైతుల పొలములలో దిగుట తాతలనాటి వాడుక. కోతరోజులకు మినహాయింపున్నది సరే; కోతకును కోతకును నడుమ, చలికాలమున, వారెక్కడ నుండవలయును? ఉండనిచ్చిన రైతునకు శిక్ష. అదే చట్టము ఊరుమ్మడి బీళ్లలో బండ్లను నిషేధించుటకు కౌన్సిళ్లకు అధికారమిచ్చెను. విడుదులు కట్టించుటకును అధికారమిచ్చెను. మొదటిదానిని కౌన్సిళ్లు ఉత్సాహముతో వాడుకొనెను. రెండవదానిని వాడినవి బహుకొద్ది. సంఘసభ్యుని బండికి అయిదెకరముల పచ్చికలో స్వాగతము. హాపులు కోసినవాని బండికి రహదారి గట్టు, ఆ గట్టుమీద మరల జుల్మానా.

ఎరిక్ లబ్బకు అను లిబరలు సభ్యుడు 1968లో తెచ్చిన బిల్లు చట్టమై, జిప్సీలకు విడుదులు కల్పించుట కౌంటీ కౌన్సిళ్ల విధి యని శాసించెను. కొన్ని వందల విడుదులు లేచినవి, చాలనన్ని లేవలేదు. 1994లో ఆ విధిని తీసివేసిరి. అప్పుడు ప్రభుత్వము చెప్పిన సలహా యేమనగా, జిప్సీలు తామే నేల కొనుక్కొని తమ విడుదులు తామే యేర్పరచుకొనవలయునని.

హర్టుఫర్డు మండలమున ఒక జిప్సీ స్త్రీ అంతకు పూర్వమే, 1985లో, తన డబ్బుతో కొంత నేల కొని తన బండ్లు నిలిపియుండెను. ఆ నేల పచ్చదనముకొరకు కాపాడు ప్రాంతమున నున్నదని ప్రణాళికానుమతి నిరాకరించిరి. ఆమె దేశపు కోర్టులు దాటి, స్ట్రాస్‌బర్గులోని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానమునకు పోయెను. జిప్సీల జీవనవిధానమునకు తోడ్పడుట రాజ్యముల బాధ్యతయే యని ఒప్పుకొనుచునే, 2001 జనవరిలో ఆ న్యాయస్థానము ఆమె వ్యాజ్యమును త్రోసిపుచ్చెను. పదిమంది న్యాయమూర్తులు ప్రభుత్వపక్షమునను, ఏడుగురు ఆమె పక్షమునను నిలిచిరి.