షబ్బీర్ అలీ: కామారెడ్డి నుంచి నిజామాబాద్ దాకా

తెలంగాణలో ముస్లిం ఎమ్మెల్యే అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది హైదరాబాద్ పాతబస్తీ. మహమ్మద్ అలీ షబ్బీర్ రాజకీయం మాత్రం కామారెడ్డిది. ముస్లిం ఓట్లతో మాత్రమే గెలిచే సీటు కాదది. రైతులు, బీసీలు, వ్యాపారులు కలిసి ఓటేస్తేనే అక్కడ గెలుపు. కాంగ్రెస్ తరఫున అలాంటి చోట ఆయన రెండుసార్లు గెలిచారు, 1989లో ఒకసారి, 2004లో మరోసారి.

మొదటిసారి గెలవగానే మర్రి చెన్నారెడ్డి మంత్రివర్గంలో చోటు దక్కింది, మైనారిటీ సంక్షేమం చూశారు. 1994లో ఆ సీటు తెలుగుదేశం అభ్యర్థి గంప గోవర్ధన్‌కు పోయింది. 2004లో గెలిచాక వైఎస్ రాజశేఖరరెడ్డి మంత్రివర్గంలో విద్యుత్ శాఖ చేపట్టారు.

మన ఇళ్లలో ఆయన పేరు ఎక్కువగా వినిపించేది రిజర్వేషన్ల విషయంలోనే. 2004లో ఆ ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం కోటా ఇస్తూ జీవో తెచ్చింది, హైకోర్టు కొట్టేసింది. 2005లో మళ్లీ ప్రయత్నించారు, అదీ నిలవలేదు. అప్పుడు పద్ధతి మార్చారు. మతం మొత్తానికి కాకుండా, వెనకబడిన వర్గాలను గుర్తించి ఇవ్వాలన్నది కొత్త దారి. పీఎస్ కృష్ణన్ నివేదిక తర్వాత 2007లో 14 వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం ఇస్తూ చట్టం వచ్చింది. సయ్యద్, మొఘల్, పఠాన్ లాంటి వారిని ఇందులో చేర్చలేదు. సర్టిఫికెట్ కోసం వెళ్లినప్పుడు చాలామందికి అర్థంకాని సంగతి ఇదే. 2010లో హైకోర్టు దీన్నీ కొట్టేసింది, కానీ ఆ ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో కోటా ఆగలేదు. మన పిల్లలకు ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్లు వచ్చింది ఆ ఉత్తర్వు నీడలోనే. ఈ ఘనత ఒక్కరిది అనడం సరికాదు, అప్పటి ప్రభుత్వం మొత్తానిది. ఆ ప్రభుత్వంలో ఆయన మంత్రి, ఆ తర్వాత కూడా ఆ విషయం వదల్లేదు.

తెలంగాణ వచ్చాక ఎమ్మెల్సీగా, శాసనమండలిలో ప్రతిపక్ష నేతగా ఉన్నారు. కేసీఆర్ మాటిచ్చిన 12 శాతం ఏమైందని పదే పదే అడిగారు. 2017లో సభ బిల్లు ఆమోదించింది, ఢిల్లీలో అది ముందుకు కదల్లేదు.

జనం దగ్గర మాత్రం కలిసి రాలేదు. 2014లో, 2018లో కామారెడ్డిలో అదే గంప గోవర్ధన్, ఈసారి టీఆర్ఎస్ నుంచి, ఆయన్ని ఓడించారు. 2018లో తేడా ఐదు వేల ఓట్లు కూడా లేదు. 2023లో కేసీఆర్, రేవంత్‌రెడ్డి ఇద్దరూ కామారెడ్డిలో దిగారు, షబ్బీర్‌ను పార్టీ నిజామాబాద్ అర్బన్‌కు పంపింది. అక్కడ బీజేపీ అభ్యర్థి ధన్‌పాల్ సూర్యనారాయణ చేతిలో 15 వేలకు పైగా ఓట్లతో ఓడిపోయారు. కామారెడ్డిలో ఆ ఇద్దరు పెద్దలనూ బీజేపీయే ఓడించింది. పంపకుండా ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు.

2024 జనవరిలో ప్రభుత్వ సలహాదారుగా నియమించారు. హోదా ఉంది, సభలో ఓటు లేదు. 2023లో గెలిచిన ఏడుగురు ముస్లిం ఎమ్మెల్యేలూ మజ్లిస్ వాళ్లే. కాంగ్రెస్ ప్రభుత్వంలో ముస్లిం మంత్రి రావడానికి 2025 అక్టోబర్ 31 దాకా ఆగాల్సి వచ్చింది, ఆ రోజు ప్రమాణం చేసింది అజారుద్దీన్.