ఖాళీ పోస్టు ఎవరికి ఆదా? పిల్లల వైద్య నిపుణుల కొరత, ప్రభుత్వ నిధుల బాధ్యత

ముప్పై పడకల సామాజిక ఆరోగ్య కేంద్రానికి, అంటే జనం సీహెచ్‌సీ అని పిలిచే ఆస్పత్రికి, ప్రభుత్వ ప్రమాణాలు కేటాయించింది ఒక్క పిల్లల డాక్టరును. మైదానంలో లక్షా ఇరవై వేల జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాల్లో ఎనభై వేల జనాభాకు ఇలాంటి కేంద్రం ఒకటి ఉండాలి. వారానికి 168 గంటలు. ఒక మనిషి అందులో 48 గంటలు పనిచేస్తాడనుకుంటే మిగిలిన 120 గంటలూ ఆ ఆస్పత్రిలో పిల్లల డాక్టరు లేనట్టే. రాత్రీ పగలూ ఒకరు అందుబాటులో ఉండాలంటే కనీసం మూడున్నర మంది కావాలి. సెలవులు, శిక్షణలు, శిబిరాల డ్యూటీలు కలుపుకుంటే నలుగురికి తక్కువ కాదు. ఇది పోస్టు భర్తీ అయిన చోట లెక్క. కేంద్ర ఆరోగ్య శాఖ 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాలు చెబుతున్నదాని ప్రకారం, దేశంలోని గ్రామీణ సీహెచ్‌సీలకు కావలసిన పిల్లల వైద్యుల్లో అప్పటికి 81.6 శాతం కొరత ఉంది.

ఈ కొరత గురించి మాట్లాడేటప్పుడు మొదట వినబడే మాట, డాక్టర్లు పల్లెలకు పోరు అని. అది అబద్ధం కాదు. కానీ ఆ మాట దగ్గరే ఆగిపోతే ప్రభుత్వం చేయాల్సిన పని కనబడకుండా పోతుంది. పిల్లల నిపుణుల కొరత ప్రధానంగా ప్రభుత్వం డబ్బు పెట్టే తీరు వల్ల ఏర్పడి, ఆ తీరు వల్లే కొనసాగుతోందన్నది ఈ వ్యాసం వాదన. మనం పోస్టుకు డబ్బు పెడుతున్నాం, భవనానికి పెడుతున్నాం, పసిబిడ్డను వెచ్చగా ఉంచే వార్మరుకు పెడుతున్నాం. ఎంబీబీఎస్ చదివిన మనిషి పిల్లల వైద్యుడిగా తయారై, ఒక చోట నలుగురితో కలిసి కుదురుకునే దారికి మాత్రం పెట్టడం లేదు.

మొదటి ఇరవై ఎనిమిది రోజులు

2020 నమూనా నమోదు సర్వే ప్రకారం దేశంలో ప్రతి వెయ్యి జననాలకు ఏడాదిలోపు చనిపోయిన పిల్లలు 28 మంది. అందులో 20 మంది పుట్టిన నెలలోపే పోయారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో శిశు మరణాల రేటు 24, తెలంగాణలో 21, పక్కనున్న తమిళనాడులో 13, కేరళలో 6. టీకాలు, విరేచనాలకు ఉప్పు-చక్కెర నీళ్లు, అంగన్‌వాడీ పోషకాహారం లాంటివి నెల దాటిన పిల్లలను చాలావరకు కాపాడాయి. మిగిలిన మరణాల్లో ఎక్కువ భాగం నెలలు నిండకుండా పుట్టినవాళ్లవి, పుట్టగానే ఏడవనివాళ్లవి, రక్తానికి ఇన్ఫెక్షన్ సోకినవాళ్లవి. వీళ్లకు కావలసింది ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టి చూసే చేతులు. ఊళ్లలో 'పాపను బాక్సులో పెట్టారు' అంటారు. బాక్సు కొనడం తేలిక, టెండరు పిలిస్తే వస్తుంది. అందులో ఉన్న తొమ్మిది వందల గ్రాముల బిడ్డ ఊపిరి ఆగినప్పుడు చూసి, కదిపి, అవసరమైతే గొట్టం వేయగల మనిషి టెండరుకు రాడు.

జాతీయ ఆరోగ్య మిషన్ కింద జిల్లా ఆస్పత్రుల్లో నవజాత శిశు ప్రత్యేక విభాగాలు, కింది స్థాయిలో స్థిరీకరణ గదులు వెలిశాయి. ఎంబీబీఎస్ వైద్యులకు, నర్సులకు స్వల్పకాలిక శిక్షణ ఇచ్చి వాటిని నడుపుతున్నారు. ఈ ఏర్పాటు ఎందరినో కాపాడింది. దాన్ని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. అయితే శిక్షణ పొందిన నర్సును ఆరు నెలలకు మరో వార్డుకు మార్చేస్తే, పైన అడగడానికి నిపుణుడు లేకపోతే, ఆ గది పెద్దాసుపత్రికి రాసి పంపే బల్లగా మిగులుతుంది. భద్రాచలం, పాడేరు, ఉట్నూరు లాంటి చోట్ల నుంచి ఆ 'పంపడం' అంటే గంటల ప్రయాణం. తల్లికి ఇంకా కుట్లు ఆరి ఉండవు. 1953లో హైదరాబాద్‌లో మొదలైన నీలోఫర్ ఆస్పత్రి వరండాల్లో ఈనాటికీ దూర జిల్లాల కుటుంబాలు చాపలు పరుచుకుని ఉండటానికి కారణం ఆ ఆస్పత్రి పేరుప్రతిష్ఠలు మాత్రమే కాదు.

ఖాళీ అనే మిగులు

ఖజానా లెక్కల్లో ఒక విచిత్రం ఉంది. పోస్టు మంజూరైతే ప్రభుత్వానికి పేరు వస్తుంది. అది భర్తీ కాకపోతే ఆ జీతం పద్దులో మిగిలి, మార్చి 31కి వెనక్కి పోతుంది. అంటే పిల్లల డాక్టరు లేకపోవడం వల్ల ఆర్థిక శాఖకు నష్టం లేదు సరికదా, చిన్న ఆదా. నష్టమంతా అంబులెన్సు, ఆటో, ప్రైవేటు నర్సింగ్ హోం బిల్లు, పోయిన కూలి రూపంలో కుటుంబం మీద పడుతుంది. అది ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనబడదు. కొరతను భరించేవాడు ఒకడు, దాన్ని తీర్చే అధికారం ఉన్నవాడు ఇంకొకడు అయినప్పుడు అది ఏళ్ల తరబడి నిలిచిపోవడంలో ఆశ్చర్యం లేదు.

అందుకే నా మొదటి ప్రతిపాదన బడ్జెట్ పద్ధతికి సంబంధించింది. భర్తీ కాని పిల్లల వైద్య పోస్టుల జీతం మురిగిపోకుండా, అదే జిల్లాలో పిల్లల వైద్యానికే వాడేలా ప్రత్యేక నిధిగా నిలవాలి. ప్రైవేటు పిల్లల డాక్టర్లను డ్యూటీ లెక్కన పిలిపించుకోవడానికి, నర్సుల ప్రోత్సాహకాలకు, కొండ ప్రాంతాల్లో బేరం చేసి ఎక్కువ జీతం ఇవ్వడానికి జిల్లా అధికారికి ఆ డబ్బు చేతిలో ఉండాలి. నిపుణులు తాము కోరే జీతాన్ని చెప్పి చేరే పద్ధతిని జాతీయ ఆరోగ్య మిషన్ కింద కొన్ని రాష్ట్రాలు ఇప్పటికే ప్రయత్నించాయి. అది ఒక్కటే సరిపోదు. పిల్లల బడి, ఇల్లు, రాత్రి డ్యూటీకి తోడు లేని చోట జీతం రెట్టింపు చేసినా డాక్టరు రెండేళ్లకు బ్యాగు సర్దుకుంటాడు.

తయారయ్యే దారి

ఒకప్పుడు మన ఏరియా ఆస్పత్రులను, చిన్న పట్టణాల నర్సింగ్ హోంలను నడిపింది చాలావరకు డీసీహెచ్ చదివినవాళ్లు. అది ఎంబీబీఎస్ తర్వాత పిల్లల వైద్యంలో రెండేళ్ల డిప్లొమా. 2018 తర్వాత వైద్య కళాశాలల్లోని డిప్లొమా సీట్లను ఎండీ సీట్లుగా మార్చుకునే వీలు కల్పించారు. బోధకుల కొరత తీర్చడానికి అది అవసరమే కావచ్చు. కానీ ఎండీ చేసినవాడి చూపు కళాశాల వైపో, కార్పొరేట్ ఆస్పత్రి వైపో, డీఎం అనే సూపర్ స్పెషాలిటీ సీటు వైపో ఉంటుంది. తాలూకా స్థాయి వైద్యుణ్ణి తయారుచేసే దారి సన్నబడింది. జాతీయ పరీక్షల బోర్డు 2021 నుంచి కనీసం వంద పడకలున్న ఆస్పత్రుల్లో రెండేళ్ల డిప్లొమాలను మళ్లీ తెచ్చింది. ఎనిమిది విభాగాల్లో పిల్లల వైద్యం ఒకటి. అది మంచి నిర్ణయం. నడవాలంటే ఆ ఆస్పత్రిలో నేర్పేవాళ్లు ఉండాలి, స్టైపెండ్ నెలనెలా రావాలి, హాస్టలు ఉండాలి. వీటన్నింటికీ డబ్బు కావాలి.

డబ్బు ఎంతో కూడా ఒకరు లెక్క కట్టి ఇచ్చారు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఆరోగ్య రంగానికి సిఫారసు చేసిన ప్రత్యేక గ్రాంట్లలో, జిల్లా ఆస్పత్రుల్లో అదే బోర్డు నడిపే డీఎన్‌బీ పీజీ కోర్సుల కోసం 2,725 కోట్ల రూపాయలు ఉన్నాయి. అన్ని శాఖలకూ, దేశమంతటికీ, ఐదేళ్లకూ కలిపి. స్థానిక సంస్థల ద్వారా ఇచ్చే 70,051 కోట్ల ఆరోగ్య గ్రాంటును కేంద్రం ఆమోదించింది; ఉపకేంద్రాల భవనాలు, పరీక్షల సదుపాయాలు వాటితో వచ్చాయి. రంగాలవారీ గ్రాంట్లను మాత్రం, పథకాలు రూపొందించేటప్పుడు పరిశీలిస్తామని చెప్పి పక్కన పెట్టింది. గోడలకు సరేననీ మనుషులకు చూద్దామనీ అన్న ఈ ఎంపిక యాదృచ్ఛికం అనుకోలేను.

సర్వీసులో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీ) వైద్యులకు పీజీ సీట్లలో కోటా ఇవ్వడం మరో దారి. తమిళనాడు దీన్ని చాలాకాలంగా నడిపింది. రాష్ట్రాలకు ఆ అధికారం ఉందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఆగస్టు 31న తేల్చింది. గిరిజన పీహెచ్‌సీలో నాలుగేళ్లు పనిచేసిన వైద్యుడికి ఆ పల్లె కొత్త కాదు. చదువు కాలానికి జీతం ఇచ్చి పంపితే తిరిగి వచ్చే అవకాశం, బాండు రాసిచ్చిన కొత్త పీజీ కంటే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఈ కోటాను తగ్గిస్తూ ఉత్తర్వు వెలువడితే పీహెచ్‌సీ వైద్యులు ఆందోళనకు దిగారు. చదివి వచ్చినవాళ్లందరికీ పోస్టులు లేవనే ప్రభుత్వ వాదన అన్ని శాఖలకూ ఒకే శాతం వర్తింపజేస్తేనే నిలుస్తుంది. పిల్లల వైద్యం, మత్తు వైద్యం లాంటి కొరత శాఖల్లో కోటా పెంచి, ఫలానా ఆస్పత్రికి అని ముందే రాసి పంపితే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది.

నిపుణుల్లో నిపుణులు

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బడులకు, అంగన్‌వాడీలకు వెళ్లి గుండె లోపం, వంకర పాదం, గ్రహణ మొర్రి, వినికిడి లోపం లాంటి ముప్పై రకాల సమస్యలను వెతుకుతుంది. కనిపెట్టాక? పిల్లల గుండె వైద్యుడు, పిల్లల సర్జన్, పిల్లల నరాల వైద్యుడు రెండు తెలుగు రాష్ట్రాల్లో వేళ్ల మీద లెక్కపెట్టే నగరాల్లోనే ఉన్నారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం ఆపరేషన్‌కు ప్యాకేజీ చెల్లిస్తుంది. మూర్ఛ ఉన్న పిల్లవాణ్ణి ఏళ్ల తరబడి చూసే వైద్యుడికి, ఆపరేషన్ వద్దని ముప్పావు గంట తల్లికి వివరించే వైద్యుడికి ప్యాకేజీ ఉండదు. పిల్లల వైద్యంలో ఎక్కువ భాగం సమయం, మాట, మళ్లీ చూడటం. వీటికి డబ్బు రాదు కాబట్టే కావచ్చు, పిల్లల సర్జరీ ఎంసీహెచ్ లాంటి సూపర్ స్పెషాలిటీ సీట్లు ఏటా కౌన్సెలింగ్‌లో మిగిలిపోతుంటాయి. తిరుపతిలో పిల్లల గుండె జబ్బులకు 2021లో శ్రీ పద్మావతి హృదయాలయం తెరిచింది తిరుమల తిరుపతి దేవస్థానం. సంతోషించాల్సిందే, పసిగుండె కోసం హుండీ వైపు చూడాల్సి రావడం గురించి ఆలోచించాల్సిందే.

డబ్బున్న దేశంలో కూడా ఇదే కథ. అమెరికాలో 2021లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, మూడేళ్లు అదనంగా చదివిన పిల్లల ఉపశాఖ నిపుణుల్లో చాలామంది జీవితకాల ఆదాయం మామూలు పిల్లల డాక్టరు కంటే తక్కువని తేల్చింది. 2024 రెసిడెన్సీ ఎంపికల్లో పిల్లల వైద్యంలో 252 సీట్లు ఖాళీగా మిగిలాయి. మన దగ్గర చదివి వెళ్లే తెలుగు డాక్టర్లకు ఈ శాఖ తలుపు కాస్త సులువుగా తెరుచుకోవడానికి ఇదొక కారణం. అక్కడి 2010 ఆరోగ్య సంస్కరణల చట్టం పిల్లల ఉపశాఖ నిపుణుల చదువు అప్పు తీర్చే పథకానికి అనుమతి ఇచ్చింది. దానికి తొలిసారి నిధులు వచ్చింది 2022 ఆర్థిక సంవత్సరంలో, అదీ 50 లక్షల డాలర్లు. కొరత ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే లక్ష డాలర్ల వరకు అప్పు ప్రభుత్వమే తీరుస్తుంది. పన్నెండేళ్లు ఆ సెక్షన్ కాగితం మీదే ఉంది.

వాళ్ల దగ్గర మనం నేర్చుకోదగ్గది ఇంకొకటి. రెసిడెంట్ల శిక్షణకు అక్కడ ప్రధానంగా డబ్బిచ్చేది వృద్ధుల బీమా పథకం మెడికేర్. పిల్లల ఆస్పత్రుల్లో వృద్ధులు ఉండరు కనుక ఆ డబ్బు వాటికి దాదాపు అందేది కాదు. 1999లో పిల్లల ఆస్పత్రుల శిక్షణకే వేరుగా చట్టం చేశారు. అందరికీ ఉమ్మడిగా పెట్టిన పద్దులో పిల్లల వాటా చివరకు పెద్దల వైపు జారిపోతుందని వాళ్లకు అనుభవంతో తెలిసింది. మన దగ్గర కూడా 'స్పెషలిస్టులు' అనే ఒకే పద్దు కింద సర్జన్, ఎముకల డాక్టరు, పిల్లల డాక్టరు పోటీ పడినంత కాలం ఎవరు గెలుస్తారో చెప్పనక్కర్లేదు.

ఎక్కడ పెట్టాలి

ప్రైవేటులో పిల్లల డాక్టర్లు బోలెడంత మంది ఉన్నారు కదా, వాళ్ల సేవలు కొనుక్కుంటే పోలేదా అంటారు. పట్టణాల్లో పగటి ఓపీకి అది కుదురుతుంది. టెలిమెడిసిన్ సలహాకు పనికొస్తుంది. అర్ధరాత్రి పుట్టిన బిడ్డకు రెండూ పనికిరావు.

నా అభిప్రాయంలో ప్రతి సీహెచ్‌సీకి ఒక పిల్లల డాక్టరు అనే లక్ష్యాన్నే కొంతకాలం పక్కన పెట్టాలి. ఇది చాలామందికి రుచించదని తెలుసు. తమ మండలం ఆస్పత్రిలో బోర్డు తీసేస్తే ఏ ఎమ్మెల్యే ఊరుకుంటాడు? అయినా నాలుగు చోట్ల ఒక్కొక్కరు విడివిడిగా అలసిపోవడం కంటే ఒక ఏరియా ఆస్పత్రిలో నలుగురు పిల్లల డాక్టర్లు, బదిలీ చేయకూడని పన్నెండు మంది నర్సులు, రెండేళ్ల డిప్లొమా విద్యార్థులు, నవజాత శిశువులను తేగల అంబులెన్సు కలిసి ఉంటే ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయి. నలుగురున్న చోటికే ఐదోవాడు వస్తాడు. చుట్టూ ఉన్న సీహెచ్‌సీలకు వాళ్లు వారంలో రోజు మార్చి రోజు వెళ్లి ఓపీ చూడవచ్చు. ముందుగా సీతంపేట, పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) పరిధిలో ఈ పద్ధతికి నిధులివ్వాలి, ఎందుకంటే అక్కడ పెద్దాసుపత్రి దూరం ఎక్కువ, ప్రైవేటు ప్రత్యామ్నాయం తక్కువ.

దీనికి అయ్యే ఖర్చును రాష్ట్ర బడ్జెట్‌లో పిల్లల వైద్యం పేరిట విడి పద్దుగా చూపాలి. ఏడాది చివర ఎన్ని పోస్టులు మంజూరయ్యాయో కాక, ఒక్కో ఆస్పత్రిలో ఎన్ని రాత్రులు పిల్లల డాక్టరు డ్యూటీలో ఉన్నారో శాసనసభ ముందు పెట్టాలి. హాజరు పట్టీలు ఇప్పటికే బయోమెట్రిక్‌లో ఉన్నాయి కనుక ఆ లెక్క తీయడానికి కొత్త నిధులేమీ అక్కర్లేదు.