చెల్లిన అప్పు మరల లేచుట

తిరువూరు ప్రాంతమున మా పెనుగొలను పేరులోనే పెద్ద కొలను గలదు. చెరువు నమ్ముకొని బ్రతికెడివారికి నేను పూడిక సంగతి చెప్పనక్కరలేదు. చెరువు నిండినదని సంతసింతుము. తీరా చూడగా సగము నిండినది నీరు గాదు, మన్ను. నేటి ప్రసంగము కంప్యూటరు డేటాబేసులలో చేరెడి పూడికను గూర్చినది. అది మనకేల యందురేమో! మన బ్యాంకు ఖాతాలు, అప్పుపత్రములు, టెలిఫోను సందేశములు నేడు అట్టి కొలనులయందే యున్నవి.

మా తాతగారు తీరిన ప్రోనోటును చింపనిచ్చెడివారు కారు. దానిపై ‘చెల్లు’ అని వ్రాయించి, తేదీ వేయించి, పెట్టెలో దాచెడివారు. ఆ పెట్టె నిండుచుండుటయే గాని తరుగుట యెన్నడును లేదు. చిన్నతనమున నాకది చాదస్తముగా తోచెను.

ఇట్టి చాదస్తమునే కంప్యూటరు శాస్త్రజ్ఞులును అవలంబించిరి. డిస్కుపై అటునిటు వెదకి పాత లెక్కను దిద్దుటకంటె, క్రొత్త లెక్కను వరుసగా వ్రాసికొనిపోవుట మిక్కిలి త్వరితము. ఈ పద్ధతిని 1996లో పాట్రిక్ ఓనీల్ మొదలగు నలుగురు ఒక వ్యాసమున శాస్త్రరీతిగా నిరూపించిరి. 2006లో గూగుల్‌వారు బిగ్‌టేబుల్‌ను గూర్చియు, 2007లో అమెజాన్‌వారు డైనమోను గూర్చియు ప్రకటించిరి. ఒకే లెక్కను పెక్కు యంత్రములలో నకళ్లుగా నుంచినచో, ఒకటి చెడినను పని నిలువదనుట డైనమోలోని ముఖ్యాంశము. డైనమో కర్తలలో నొకడగు అవినాశ్ లక్ష్మణ్, ప్రశాంత్ మాలిక్‌తో గూడి ఫేస్‌బుక్‌లో ఈ రెండు మార్గములను జతపరచి కసాండ్రాను నిర్మించెను. 2008లో అది లోకమునకు ఉచితముగా లభించెను. నిజమే చెప్పినను ఎవరును నమ్మని గ్రీకుపురాణకన్య పేరు దానికేల పెట్టిరో గాని, నా అనుభవమునకు ఆ పేరు సరిగా సరిపడినది.

దాని వర్తన యిట్టిది. వచ్చిన లెక్క మెమరీలోని పట్టికకెక్కును. ఆపదకు అడ్డుగా డిస్కుపై చిట్టాలోను చేరును. పట్టిక నిండగనే డిస్కుపై ఒక ఫైలగును. ఆ ఫైలును మరల ముట్టుట లేదు. మరి తుడిచివేయుట యెట్లు? తుడిచివేయుటయు ఒక వ్రాతయే! ‘ఇది చెల్లినది’ యని వేరొక చీటీ పుట్టును. దానిని టూంబ్‌స్టోను, అనగా సమాధిరాయి, యందురు. కావున తుడిచినకొలది డిస్కు తరుగదు, పెరుగును. అటుపిమ్మట పాత ఫైళ్లను కలిపి క్రొత్తది వ్రాయునపుడు గాని పూడిక తీయబడదు. అపుడైనను ఆ చీటీని పదిదినములు, అనగా 8,64,000 సెకనులు, ఉంచుట వాడుక. ఏ యంత్రమైనను మూలబడియున్నచో, అది తిరిగి లేచి ఈ చెల్లు సంగతి తెలిసికొనుటకై యా గడువు. పైగా పూడిక తీయుటకును చోటు కావలెను. క్రొత్త ఫైలు ముగియువరకు పాతవి కదలవు. నిండిన యింటిని సర్దుటకు ఖాళీ వరండా ఉండవలెను గదా!

నేను పట్టణమున అప్పులిచ్చు నొక సంస్థలో ఇట్టి మూడు యంత్రములను కనిపెట్టుకొనియుండెడివాడను. ఒకనాడు మెమరీ యంతయు నిండినట్లు అగపడెను. కలవరపడితిని గాని అది రోగము కాదు. ఖాళీగానున్న మెమరీలో ఫైళ్ల పుటలను ఉంచుకొనుట లినక్స్ స్వభావము. అవసరమైనపుడు అది విడిచిపెట్టును. నిజమైన చిక్కు డిస్కున నుండెను. మరచిపోయిన పాత స్నాప్‌షాట్లను తీసివేయగా కొంత చోటు దొరకెను. చాలలేదు. తక్కినదంతయు సమాధిరాళ్లే. పదిదినముల గడువును ఒకదినమునకు తగ్గించి ఫైళ్లను కలిపించితిని. డిస్కు సగము ఖాళీ యయ్యెను. నా తెలివికి నేనే మురిసితిని.

మూడవ యంత్రము అప్పటికి నాలుగుదినములుగా చెడియున్న సంగతి నాకు తెలియును. దాని యర్థమే తెలియలేదు. బాగుచేసి దానిని కలిపితిమి. దానియందు పాత అప్పులున్నవి, చెల్లు చీటీలు లేవు. తక్కిన రెంటిలో అప్పులును లేవు, చీటీలును లేవు. మూడును ఒండొంటితో లెక్క సరిచూచుకొనునపుడు, ఆ పాత అప్పులను క్రొత్తవిగా నెంచి రెండును స్వీకరించినవి. తీర్చినవారికి తాఖీదులు పోయినవి.

ఒక వృద్ధ రైతు వచ్చి, “బాబూ, కట్టిన అప్పు మళ్లీ ఎట్లా బ్రతికింది?” అని యడిగెను. తప్పు నాదే యని చెప్పితిని. వసూలు రశీదుల వరుసతో ఒక్కొక్క పేరు సరిచూచి మరల తుడిచితిమి. మూడవ యంత్రమును ఖాళీచేసి తక్కినవాటినుండి నింపితిమి. గడువును మరల పదిదినములు చేసి, పెద్ద డిస్కులు కొంటిమి.

ఆ పెద్దాయన రశీదును మా కాగితములలో నుంచుటకు అడిగితిని. నకలు మాత్రము తీయనిచ్చి, అసలును మడచి జేబులో పెట్టుకొని పోయెను.