బాగున్నావా అని అడిగితే

మొన్న రాత్రి హాస్టల్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేస్తే అలవాటుగా "బాగున్నావా అమ్మా?" అన్నాను. "లేదమ్మా, బాలేను" అంది. ఏం చెప్పాలో తోచక "అలా అనకూడదు, సర్దుకోవాలి" అనేశాను. ఇంకేం మాట్లాడకుండా పెట్టేసింది.

నిద్ర పట్టలేదు. ఎందుకో చైనా రచయిత్రి డింగ్ లింగ్ గుర్తొచ్చింది. 1942లో మావో స్థావరమైన యెనాన్‌లో పార్టీ పత్రిక సాహిత్య పేజీ చూసేదావిడ. మహిళా దినోత్సవానికి ఓ వ్యాసం రాసింది. సమానత్వం వచ్చేసిందని చెప్పుకునే చోట ఆడది పెళ్ళి చేసుకోకపోతే ఓ మాట, చేసుకుంటే ఇంకో మాట. పిల్లల్ని చూసుకుంటూ ఇంట్లో ఉండిపోతే, వెనకబడిపోయావని మొగుడే విడాకులు అడుగుతాడు. (ఇందులో చైనా ఏముంది, మన వీధే కదా!) కొద్ది నెలల్లోనే ఆవిడ చేత తప్పు ఒప్పించారు.

1956లో అదే మావో "నూరు పూలు" ఉద్యమం మొదలుపెట్టాడు. మా లోపాలు చెప్పండి అని చదువుకున్నవాళ్ళని అడిగారు. మొదట్లో జనం నోరు విప్పడానికి జంకారు. మళ్ళీ మళ్ళీ అడిగేసరికి 1957 వసంతంలో మనసులో ఉన్నదంతా చెప్పారు. జూన్‌లో గాలి తిరిగింది. 5 లక్షల మందికి పైగా "మితవాదులు" అని ముద్ర వేశారు. ఎందరినో మారుమూల పొలాలకి పంపేశారు.

అది ముందే పన్నిన వలా, విన్నాక పుట్టిన కోపమా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నాకైతే రెండోదేమో అనిపిస్తుంది. ఇళ్ళల్లో చూడటం లేదూ? కూర ఎలా ఉందని అడిగేటప్పుడు నిజంగానే అడుగుతాం. ఉప్పెక్కువైందని విన్నాకే ఒళ్ళు మండుతుంది. కాకపోతే మన చేతిలో గరిటే ఉంటుంది, ఆయన చేతిలో దేశం ఉంది.

డింగ్ లింగ్‌కీ ఆ ముద్ర పడింది. 1958లో ఆవిడ పాత వ్యాసాన్ని వెతికి తీసి, తిట్టడం కోసమే మళ్ళీ అచ్చు వేశారు. పదహారేళ్ళ కిందటి మాట! ఆవిడని ఈశాన్యాన హెయ్‌లుంగ్‌జియాంగ్ చలిలోకి పంపారు. తర్వాత జైలు కూడా. మళ్ళీ బీజింగ్ చేరేసరికి 1979.

తెల్లారగానే నేనే ఫోన్ చేశాను. బాగున్నావా అనలేదు. "రాత్రి ఏదో చెప్పబోయావు, చెప్పు తల్లీ" అన్నాను.

"ఏం లేదమ్మా, బాగానే ఉన్నాను" అంది.