డప్పు నుండి ర్యాప్ దాకా: దరువు ఎవరిది?

ర్యాప్ మనది కాదు, అమెరికా సరుకు అని పండితులు తేల్చేస్తున్నారు. ఆ పాట ఎక్కడ పుట్టిందన్నది వాళ్ల ప్రశ్న. దరువు ఎవరు కొడుతున్నారు, ఎవరి హుకుం మీద కొడుతున్నారు, కూలి ఎవరికి ముట్టింది అన్నవి మా ప్రశ్నలు. దళితుల వైపు నుంచి చూస్తే సంగీత చరిత్ర ఇక్కణ్ణుంచే మొదలుకావాలె.

కృష్ణా, మూసీ కలిసే వాడపల్లిని తీసుకుందాం. అక్కడి అగస్త్యేశ్వరుడి గుడి గురించి రాసినవాళ్లున్నారు. మరి ఆ చుట్టుపట్ల డప్పు గురించి? దొరల కాలంలో నల్లగొండ పల్లెల్లో మాదిగల డప్పు వెట్టిలో భాగం. చావుకు కొట్టాలె, జాతరకు కొట్టాలె, దొర మాట వూరంతా చాటాలె. కళ్లం కాడ పోసిన గింజలే కూలి. చట్రానికి తోలు బిగించి, మంట మీద కాచి, సిర్రతో, చిటికెన పుల్లతో పలికించే విద్యను ఎవరూ విద్య అనలేదు. కులవృత్తి అన్నారు, అంతే.

1946-51 సాయుధ పోరాటంలో పాట దొర మీదికి తిరిగింది. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల్ని ఉద్యమంలోకి తెచ్చిండు. 1972లో జననాట్యమండలి వచ్చింది, గద్దర్ వచ్చిండు. తూప్రాన్ దళిత కుటుంబంలో పుట్టిన ఆ గొంతును తక్కువ చేసే సాహసం మేం చెయ్యం. కానీ గొంతు మనది, నాయకత్వం వేరేవాళ్లది ఎందుకైందన్న ప్రశ్న కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత దళితులే వేశారు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం దండోరా అని పేరు పెట్టుకుంది. ఒకనాటి వెట్టి చాటింపు పేరే ఆత్మగౌరవం పేరైంది.

ఇక ర్యాప్. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో చెల్లెలు పెట్టిన పార్టీలో కూల్ హెర్క్ రెండు రికార్డు ప్లేయర్ల మీద పాటలోని దరువు ముక్కనే తిప్పి తిప్పి వాయించిండు. నల్లవాళ్ల వాడల బతుకు ఆ దరువు మీదికి మాటై ఎక్కింది. దరువు, మాట ఉంటే చాలు. డప్పు ఎరిగినవాడికి ఇందులో వింతేముంది?

చెప్పుకునే సంగతులకు మన దగ్గర కొదవా? 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో కులాంతర పెళ్లి చేసుకున్న దళిత యువకుణ్ణి గర్భిణి అయిన భార్య కళ్లముందే నరికారు. నల్లగొండ కోర్టు తీర్పు రావడానికి 2025 మార్చి దాకా పట్టింది.

మన పొరుగున కోరాపుట్ ఉంది. 1936 దాకా అది విశాఖపట్నం జిల్లాలోదే. అక్కడి తెంతులిపదర్ గ్రామ దళితుడు సుమీత్ సమోస్ ఢిల్లీ జె.ఎన్.యు.లో చదువుకుంటూ కులం మీద ర్యాప్ కట్టిండు. సినిమా కంపెనీ లేదు, దొర లేడు. 2021లో ఆక్స్‌ఫర్డ్‌లో సీటొస్తే ఫీజు డబ్బులు జనం చందాలేసి పంపారు. స్వతంత్ర కళాకారుడంటే మాకు అర్థమైంది ఇదీ.

అయితే స్వతంత్రం అన్న మాట కూడా అమ్ముడుపోతుంది. మన సరిహద్దుకు దగ్గర్లోని అరక్కోణం నుంచి వచ్చిన అరివు పా. రంజిత్ నిలబెట్టిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్‌లో పాడిండు. సింహళంలో తేయాకు తోటల్లో చాకిరీ చేసి, చివరికి గుంట భూమి లేకుండా తిరిగొచ్చిన అవ్వ కథలోంచి 2021లో 'ఎంజాయ్ ఎంజామి' రాసిండు. పాట కోట్లమంది చూశారు. అదే ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద పాడినామె ఉంది, రాసినవాడు లేడు. రంజిత్ నిలదీశాకే అరివుకు వేరే ముఖచిత్రం వచ్చింది. పాట విడుదల చేసింది సినిమా సంస్థ కూడా కాదు, స్వతంత్ర సంగీతం పేరుతో పుట్టిన సంస్థే. ఆ పాట నుంచి తమలో ఎవరికీ ఒక్క రూపాయి ముట్టలేదని సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ 2024లో బయటపెట్టిండు. వెట్టి డప్పుకు కళ్లం కాడ నాలుగు గింజలన్నా రాలేవి.