గేటు ముందు బండి పెట్టేస్తే ఏం చేయాలి?

ఫంక్షన్ హాలు, స్కూలు, మార్కెట్ పక్కన ఇల్లున్న వాళ్లకు ఇది రోజూ ఉండే తలనొప్పే. ఎవరో గేటుకు అడ్డంగా కారు పెట్టి వెళ్లిపోతారు. అదే రాత్రి ఇంట్లో పెద్దవాళ్లకు గుండెనొప్పి వస్తే బండి బయటకు తీసే దారే ఉండదు.

ఇంటి గేటుకు అడ్డంగా పార్కింగ్ చేయకూడదని 2017 మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. నిషేధం ఉన్నచోట నిలిపిన బండిని టోయింగ్ చేయించే అధికారం 1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ కింద యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఉంది. ఆ ఖర్చు బండి యజమానిదే.

ముందు అద్దం మీద ఫోన్ నంబరు ఉందేమో చూడండి. ఫంక్షన్ హాలు వాళ్లకు బండి నంబరు చెప్పి మైకులో పిలిపించండి. నంబరు ప్లేటు, గేటు రెండూ కనిపించేలా ఫోటో తీయండి. ఎవరూ రాకపోతే 112కు ఫోన్ చేయండి. ఇంట్లో రోగి ఉంటే ఆ మాట మొదటే చెప్పండి. అంబులెన్సుకు 108 ఉంది.

కోపంతో టైరు కోయడం, అద్దం పగలగొట్టడం వద్దు. అప్పుడు కేసు మన మీదే పడుతుంది. గేటుకు 'నో పార్కింగ్' బోర్డు పెట్టుకోవచ్చు కానీ రోడ్డు మీద రాళ్లు, గొలుసులు పెట్టకూడదు.

మనమూ వలీమాకు వెళ్లినప్పుడు ఎవరి గేటూ మూయకుండా బండి పెడదాం. అద్దం మీద ఫోన్ నంబరు చీటీ ఉంచుదాం.