పెరటి గులాబీలతో పన్నీరు: ఇంట్లో తీసే పద్ధతి, జాగ్రత్తలు

పోయిన రమజాన్‌లో ఓ రోజు ఇఫ్తార్‌కి షర్బత్ కలుపుతున్నాం. అమ్మీ అల్మారాలోంచి గులాబ్ జల్ సీసా తీసి రెండు చెంచాలు పోసింది. అందరం తాగాక సీసా వెనక్కి తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో 'పైపూతకు మాత్రమే' అని ఉంది. అల్‌హమ్దులిల్లాహ్, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అదే రకం సీసాలోంచి మా ఇంట్లో బిర్యానీకి, షీర్ ఖుర్మాకి కూడా ఎన్నాళ్లుగానో వాడుతున్నాం. ఆ తర్వాతే పెరట్లోని గులాబీ చెట్టు వైపు చూశాను.

బజారులో రెండు రకాలు

గులాబీ రేకుల ఆవిరిని చల్లార్చి తీసింది అసలైన గులాబ్ జల్. తెలుగులో పన్నీరు అంటాం. రెండోది మామూలు నీళ్లలో గులాబీ వాసన కలిపి, చెడిపోకుండా రసాయనాలు వేసింది. ముఖానికి రాసుకునే సీసా వంటకి పనికొస్తుందని అనుకోవద్దు. వంటకి కొనేటప్పుడు లేబుల్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు ఉందో లేదో చూడండి.

ఏ పూలు కావాలి?

రంగు కంటే వాసన ముఖ్యం. బొకేల్లో పెట్టే పెద్ద గులాబీల్లో చాలావాటికి వాసన ఉండదు. లేత గులాబీ రంగులో, గుత్తులుగా పూసే దేశీ గులాబీ మంచిది.

* కనీసం కొన్ని వారాలుగా పురుగుమందు కొట్టని చెట్టు పూలే తీసుకోండి. పూల మార్కెట్ గులాబీలకి, పెళ్లి దండల్లో మిగిలిన పూలకి ఏ మందు కొట్టారో మనకి తెలియదు. అవి తినేవాటికి వద్దు.
* ఎండ ఎక్కకముందే, పొద్దున్నే కోయండి. అప్పుడే విచ్చుకున్న పూలు బాగుంటాయి.
* రేకులు మాత్రమే తీసి, పురుగులు లేకుండా చూసి, చల్లటి నీళ్లలో ఒక్కసారి కడగండి. కోసిన రోజే వాడేయండి.

మన దగ్గర చలికాలంలో పూలు బాగా వస్తాయి. అక్టోబర్‌లో కొమ్మలు కత్తిరిస్తే సుమారు 6 నుంచి 8 వారాల్లో కొత్త పూత వస్తుంది.

తీసే పద్ధతి

కావాల్సినవి: మందపాటి అడుగున్న పెద్ద స్టీల్ దేగ్చి, మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే మూత, ఒక చిన్న గిన్నె, దాన్ని ఎత్తున నిలబెట్టడానికి స్టీల్ స్టాండు, ఐసు ముక్కలు, సుమారు 200 గ్రాముల రేకులు, ఒక లీటరు మంచినీళ్లు.

1. దేగ్చి మధ్యలో స్టాండు పెట్టి, దాని చుట్టూ రేకులు పరవండి.
2. రేకులు మునిగేంత వరకు నీళ్లు పోయండి. నీళ్లు స్టాండు పైకి రాకూడదు.
3. స్టాండు మీద ఖాళీ గిన్నె పెట్టండి.
4. మూతని తలకిందులుగా పెట్టండి. పిడి గిన్నెకి సరిగ్గా పైన ఉండాలి. ఆవిరి మూతకి తగిలి, చల్లబడి, పిడి మీదుగా బొట్లు బొట్లుగా గిన్నెలో పడుతుంది.
5. నీళ్లు మరగగానే మంట బాగా తగ్గించి, మూత మీద ఐసు పెట్టండి. కరిగిన నీళ్లని గరిటెతో తీసేసి కొత్త ఐసు వేస్తూ ఉండండి.
6. 30 నుంచి 40 నిమిషాలు చాలు. మాటిమాటికీ మూత తెరిస్తే వాసనంతా పోతుంది. అడుగున నీళ్లు అయిపోయేదాకా ఉంచితే రేకులు మాడి, మాడు వాసన పన్నీరుకి పడుతుంది.
7. స్టవ్ ఆపి, చల్లారాక మూత తీయండి. ఆవిరికి చేతులు జాగ్రత్త.

గిన్నెలో ఒక కప్పు దాకా నీళ్లు వస్తాయి. వాటికి రంగు ఉండదు, కంగారు పడకండి. అసలు పన్నీరు మామూలు నీళ్లలాగే ఉంటుంది. దేగ్చిలో మిగిలిన రంగు నీళ్లు చల్లారాక మొక్కలకి పోయొచ్చు.

ఐసు, స్టాండు లేకపోతే రేకుల్ని సన్నని మంట మీద 20 నిమిషాలు మరిగించి వడకట్టుకోవచ్చు. రంగు బాగుంటుంది కానీ ఫ్రిజ్‌లో పెట్టినా వారం లోపలే వాడేయాలి.

ఇది ఎప్పటి విద్య?

9వ శతాబ్దంలో బగ్దాద్ పండితుడు అల్-కిందీ అత్తరు తయారీ మీద, ఇలా ఆవిరి పట్టి తీయడం మీద ఏకంగా పుస్తకమే రాశాడు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో నేటికీ రాగి దేగ్‌ల్లోనే గులాబీ అత్తరు తీస్తున్నారు. కాబా షరీఫ్‌ని లోపల కడిగేటప్పుడు జమ్‌జమ్ నీళ్లలో తాయిఫ్ గులాబీల పన్నీరు కలుపుతారు.

నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం పన్నీరు తీస్తుంటే, వేడి నీళ్ల మీద తేలిన నూనె తెట్టునుంచే గులాబీ అత్తరు పుట్టిందని జహంగీర్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. మన దేగ్చిలో ఆ నూనె కనపడదు. ఒక కిలో గులాబీ నూనెకి సుమారు 3,000 నుంచి 4,000 కిలోల పూలు కావాలి మరి!

నిల్వ, వాడకం

గాజు సీసాని 10 నిమిషాలు నీళ్లలో మరిగించి, ఆరబెట్టి, అందులో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. సీసా మీద తేదీ రాయండి. ఇందులో నిల్వ మందులు లేవు కాబట్టి రెండు మూడు వారాల్లో వాడేయడం మంచిది. మసకబారినా, దారాల్లాంటివి తేలినా, పుల్లటి వాసన వచ్చినా పారబోయండి.

షీర్ ఖుర్మా, డబుల్ కా మీఠాలో పొయ్యి దించాక ఒకటి రెండు చెంచాలు వేయండి. ఉడికేటప్పుడు వేస్తే వాసన ఎగిరిపోతుంది. బిర్యానీకైతే దమ్ పెట్టే ముందు చల్లితే చాలు.

కళ్లలో మాత్రం వేయొద్దు

మన ఇళ్లలో కళ్లు మండితే గులాబ్ జల్ చుక్కలు వేసే అలవాటు పాతదే. మా నానీమా కూడా వేసేది. కానీ కంటి మందుని ఏ సూక్ష్మక్రిమీ లేకుండా తయారు చేస్తారు. మన వంటగదిలో తీసిన నీళ్లకి ఆ గ్యారంటీ లేదు. కంటికి ఇన్‌ఫెక్షన్ వస్తే చూపు మీదికే రావొచ్చు. కళ్లు ఎర్రబడితే డాక్టర్ దగ్గరికే వెళ్లండి. ముఖానికి రాసుకునేవాళ్లు కూడా ముందు మోచేతి లోపలి వైపు రాసి ఒక రోజు ఆగి చూడండి.

లెక్క ఏం తేలింది?

బీకాం చదివినవాణ్ని కాబట్టి లెక్క వేయకుండా ఉండలేను. గ్యాసు, ఐసు, గంట సేపు పని అన్నీ కలిపితే ఒక కప్పు పన్నీరు బజారు సీసా కంటే చవకేం కాదు. పైగా ఆ ఒక్క కప్పుకే చెట్టు సగం ఖాళీ అవుతుంది. అయినా ఈసారి షర్బత్‌లోకి ఏం పోస్తున్నామో అమ్మీకి తెలుసు. సీసా వెనక్కి తిప్పి చూడాల్సిన పని లేదు.